గడియారం సెంటర్‌కు నడక దూరంలో నిమ్మళమైన కాపురం: నల్లగొండ కాలనీల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బదిలీ మీద వచ్చే టీచర్లు, పిల్లల చదువు కోసం పల్లె నుంచి టౌనుకు మారేవాళ్లు, హైదరాబాద్‌లో అద్దెలు కట్టలేక సొంత జిల్లాకు తిరిగొద్దామనుకునేవాళ్లు... ఎవరు ఫోన్ చేసినా అడిగేవి దాదాపు ఇవే. మేం రామగిరి వైపు ఒక గల్లీలో 14 ఏళ్లుగా ఉంటున్నాం. అంతకుముందు ఇదే ఊళ్లో రెండు అద్దె ఇళ్లు మారాం. ఆ రెండిళ్లలో పడ్డ తిప్పలు, ఈ ఇంట్లో దొరికిన నిమ్మళం, రెండూ దాచకుండా రాస్తున్నాను.

సెంటర్‌కు దగ్గరగా, గడబిడ లేకుండా ఉండే చోటు నల్లగొండలో ఎక్కడ దొరుకుతుంది?

నల్లగొండలో సెంటర్ అంటే గడియారం సెంటరే. బట్టల షాపులు, ప్రకాశం బజారు, బ్యాంకులు అన్నీ ఆ చుట్టుపక్కలే. కాపురాలకు మంచి చోట్లేవని అడిగితే రామగిరి, రవీంద్రనగర్, విద్యానగర్, శివాజీనగర్, బొట్టుగూడ, హౌసింగ్ బోర్డు కాలనీ అని తలా ఒక పేరు చెప్తారు. ఎవరి కాలనీ వాళ్లకు గొప్ప.

నా మాట వింటే కాలనీ పేరు చూసి ఇల్లు ఖాయం చేసుకోవద్దు. ఒకే కాలనీలో మెయిన్ రోడ్డు మీది ఇంటికీ, రెండు గల్లీలు లోపలికి పోతే వచ్చే ఇంటికీ పోలికే ఉండదు. ముందు వైపు హారన్ల మోతకు టీవీ వినపడదు. వెనక గల్లీలో పక్కింట్లో కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో లెక్కపెట్టొచ్చు. అడ్డదారి కోసం బండ్లు దూరే గల్లీ కాకుండా, చివర మూసుకుపోయిన గల్లీ దొరికితే అదృష్టం అనుకోండి. అటు ఆ గల్లీ వాళ్లు, వాళ్ల చుట్టాలు తప్ప ఇంకెవరూ రారు.

సెంటర్ అంత దగ్గరుంటే చప్పుడు రాకుండా ఉంటుందా?

వస్తుంది, కానీ రోజూ కాదు. ధర్నా అయినా, ర్యాలీ అయినా, విజయోత్సవమైనా ఊళ్లో అందరూ చేరేది గడియారం దగ్గరికే. ఎన్.జి. (నాగార్జున ప్రభుత్వ) కాలేజీ గ్రౌండ్‌లో పెద్ద సభ పెడితే మైకు మా గల్లీ దాకా వినిపిస్తుంది, ఆ రోజు రోడ్లన్నీ జామ్. వినాయక నిమజ్జనం రోజు సంగతి చెప్పక్కర్లేదు. ఏడాదిలో అలాంటివి ఓ పది పదిహేను రోజులు ఉంటాయి. మిగతా రోజుల్లో రాత్రి తొమ్మిదిన్నరకు గల్లీ సద్దుమణుగుతుంది.

ఇల్లు చూడడానికి వచ్చినప్పుడు అన్నిటికంటే ముందు ఏం చూడాలి?

నీళ్లు. గదుల సైజు, గాలి వెలుతురు ఆ తర్వాతే. నల్లగొండలో ముందు నీళ్లు.

ఈ జిల్లా ఫ్లోరైడ్‌తో ఎంత నలిగిపోయిందో కొత్తగా వచ్చేవాళ్లకు తెలియకపోవచ్చు. మా అత్తమ్మది మర్రిగూడ వైపు పల్లె. చిన్నప్పటి నుంచి బోరు నీళ్లు, బావి నీళ్లే తాగింది. 50 దాటేసరికి మోకాళ్లు వంగవు, మెడ తిరగదు. ఎవరైనా పిలిస్తే మెడ తిప్పలేక మనిషి మొత్తం తిరిగి చూసేది. ఆమె చెల్లెలి పళ్ల మీద పసుపు గోధుమ రంగు చారలు ఎంత తోమినా పోయేవి కావు. భూమి పొరల్లోని రాయిలో ఉన్న ఫ్లోరైడ్ నీళ్లలో కరిగి ఏళ్ల తరబడి ఒంట్లోకి చేరితే ఎముకలు అట్లా బిగుసుకుపోతాయి. తాగే నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క. ఆ నీళ్లను శుద్ధి చేయడానికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన) సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఒక పద్ధతి తయారుచేస్తే దాని పేరే 'నల్లగొండ టెక్నిక్' అయింది. మన ఊరి పేరు ప్రపంచానికి అట్లా తెలిసింది.

ఇప్పుడు టౌనులో పరిస్థితి చాలా మారింది. కృష్ణా నీళ్లు ఏఎంఆర్‌పీ (అలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువ ద్వారా పానగల్ దగ్గరి ఉదయసముద్రానికి చేరతాయి. అక్కడ శుద్ధి అయి నల్లాలకు వస్తాయి. అందుకే ఇంటి ఓనర్ని అడగాల్సిన మొదటి మాట "బోరు ఎన్ని ఇంచులు పోస్తుంది?" కాదు, "మున్సిపల్ నల్లా ఉందా, మన పోర్షన్ దాకా వస్తదా?" అని. నల్లా ఏ రోజు, ఏ టైముకు వస్తుంది? సంపు ఎంత పెద్దది? పైపోర్షన్ వాళ్లకూ నల్లా నీళ్లు ఎక్కుతాయా, లేక వాళ్లకు బోరు నీళ్లేనా? ఈ మూడూ తేల్చుకోండి. వాడకానికి బోరు నీళ్లు పర్వాలేదు. తాగడానికి, వంటకు మాత్రం నల్లా నీళ్లే కావాలి. వంట మాట చాలామంది మర్చిపోతారు. పప్పు, అన్నం ఉడికేది ఆ నీళ్లలోనే కదా.

బోరు నీళ్లకు ఫిల్టర్ పెట్టుకుంటే సరిపోదా?

ఏ ఫిల్టర్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. క్యాండిల్ ఫిల్టర్, యూవీ ఫిల్టర్ ఫ్లోరైడ్‌ను తీయలేవు. ఆర్వో తీస్తుంది, అదీ మెంబ్రేన్ టైముకు మారిస్తేనే. కాచి చల్లారిస్తే ఫ్లోరైడ్ పోతుందని ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. పోదు. నీళ్లు ఆవిరై తగ్గే కొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది.

ఇంకో మాట. ఆర్వో అమ్మేవాళ్లు టీడీఎస్ మీటరు గ్లాసులో ముంచి నంబరు చూపిస్తారు. ఆ నంబరు ఫ్లోరైడ్‌ది కాదు. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపిన లెక్క అది. టీడీఎస్ తక్కువున్న నీళ్లలో కూడా ఫ్లోరైడ్ ఎక్కువ ఉండొచ్చు. అనుమానం ఉంటే సీసాలో నీళ్లు పట్టి ల్యాబ్‌లో ఫ్లోరైడ్ పరీక్షే చేయమని ప్రత్యేకంగా అడగండి. ఎదిగే పిల్లలున్న ఇంట్లో ఈ ఒక్క విషయంలో బద్ధకం వద్దు.

పిల్లలు బయట ఆడుకోవచ్చా?

మేం ఈ గల్లీకి వచ్చిందే దాని కోసం. మొదటి అద్దె ఇల్లు మెయిన్ రోడ్డు మీద ఉండేది. మా బాబుకు అప్పుడు నాలుగేళ్లు. గేటుకు తాళం వేసి ఉంచేవాళ్లం. వాడు గేటు కడ్డీలు పట్టుకుని, వచ్చేపోయే లారీలను చూస్తూ సాయంత్రాలు గడిపేవాడు.

ఇక్కడికి వచ్చిన నెలకు వాడి చేతిలో 20 రూపాయల నోటు పెట్టి, మూలమీది కిరాణానికి పెరుగు ప్యాకెట్ కోసం పంపించాను. మా వాకిట్లోంచి చూస్తే కిరాణం కనిపిస్తుంది, మధ్యలో ఏడిళ్లు. అయినా గుండె దడదడలాడింది. మొదటి ఇంటి అరుగు మీద కూర్చున్న పెద్దమ్మ "ఎక్కడికి రా?" అని ఆపింది. మూడో ఇంటి ఆమె బట్టలు ఆరేస్తూ ఒక కన్ను వేసింది. కిరాణం అన్న చిల్లర లెక్కపెట్టి వాడి జేబులో వేసి, జేబు పైనుంచి రెండుసార్లు తట్టి పంపించాడు. వాడు తిరిగొచ్చేసరికి పెరుగు ప్యాకెట్‌కు ఒక మూల చిల్లు పడి, అంగీ మీద తెల్లటి గీత కారింది. ఆ రోజే నాకు ఈ గల్లీ మీద భరోసా కుదిరింది.

సాయంత్రం ఐదున్నర నుంచి చీకటిపడే దాకా గల్లీలో క్రికెట్. గోడకు గీసిన మూడు బొగ్గు గీతలే వికెట్లు. బాల్ గోడ దాటితే ఔట్. కొందరు పెద్దవాళ్లు విసుక్కుంటారు, ఒకటి రెండు కిటికీ అద్దాలు పగలడమూ మామూలే. పెద్ద పిల్లలైతే అవుట్‌డోర్ స్టేడియానికో, ఎన్.జి. కాలేజీ గ్రౌండ్‌కో పోతారు. గల్లీలోకి బైకులు స్పీడుగా వస్తాయేమో మాత్రం గమనించండి. మా దగ్గర కాలనీ వాళ్లందరం డబ్బులేసుకుని రెండు స్పీడ్ బ్రేకర్లు వేయించుకున్నాం.

స్కూళ్లు, కాలేజీల సంగతి?

కొరత లేదు. ప్రైవేటు స్కూళ్లు, సర్కారు బడులు రెండూ నడక దూరంలోనో, ఆటో దూరంలోనో ఉంటాయి. ఇంటర్, డిగ్రీకి ఊరు దాటాల్సిన పని లేదు. నాగార్జున ప్రభుత్వ కాలేజీ రామగిరిలోనే ఉంది. 2007లో మొదలైన మహాత్మాగాంధీ యూనివర్సిటీ ఊరికి దగ్గర్లోనే, హైదరాబాద్ దారిలో ఉంటుంది. ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2019లో వచ్చింది.

స్కూలు ఎంచుకునేటప్పుడు పేరుకంటే దూరానికే ఎక్కువ మార్కులు వేయండి. కిక్కిరిసిన ఆటోలో ముప్పావు గంట ప్రయాణం చేసి వచ్చిన పిల్లకు హోంవర్క్ చేసే ఓపిక ఎక్కడుంటుంది?

మా నాన్నకు 74 ఏళ్లు. పల్లె నుంచి తీసుకొస్తే ఇక్కడ ఉండగలరా?

ఉంటారు, గ్రౌండ్ ఫ్లోర్ అయితే. పల్లెలో పొద్దున లేస్తే నలుగురితో మాట కలిపే అలవాటున్న మనిషిని తెచ్చి పై అంతస్తులో కూర్చోబెడితే నెలకే దిగులు పడతారు. ఇంటి ముందు అరుగో, కనీసం రెండు కుర్చీలు పట్టే జాగానో ఉన్న ఇల్లు చూడండి. మా గల్లీలో వేపచెట్టు కింద బండమీద రోజూ సాయంత్రం నలుగురైదుగురు బాపులు చేరతారు. ఒకాయన పేపరు చదువుతాడు, మిగతావాళ్లు వింటూ మధ్యమధ్య కొట్లాడతారు. కొత్తగా వచ్చిన పెద్దాయనను "మీదే ఊరే?" అని అడిగి చుట్టరికం తేల్చడానికి వాళ్లకు పది నిమిషాలు చాలు.

సర్కారు దవాఖాన, ప్రైవేటు డాక్టర్లు, మందుల షాపులు దగ్గర్లోనే. అర్ధరాత్రి అవసరమొస్తే 108. అంబులెన్స్ మీ గల్లీలో మలుపు తిరగగలదా అన్నది ఇల్లు తీసుకోకముందే చూసుకోండి. పెద్దవాళ్లున్న ఇంటికి అది చాలా ముఖ్యం.

అద్దె ఇల్లు ఎట్లా దొరుకుతుంది?

ఆన్‌లైన్‌లో వెతికితే దొరికేవి తక్కువ. మంచి పోర్షన్లకు టు-లెట్ బోర్డు కట్టేలోపే ఎవరో ఒకరు చేరిపోతారు. కిరాణం అన్న, ఇస్తిరీ చేసే అన్న, పాలు పోసే ఆమె, వీళ్లకు చెప్పి పెట్టండి. ఏ పోర్షన్ వచ్చే నెల ఖాళీ అవుతుందో ఓనరు కంటే వాళ్లకే ముందు తెలుస్తుంది. ఇళ్లు మారడం ఎక్కువగా స్కూళ్లకు సెలవులిచ్చే ఏప్రిల్, మే నెలల్లోనే. జూన్‌లో వస్తే మిగిలిపోయినవే చూడాలి.

అగ్రిమెంట్ చిన్నదైనా కాగితం మీదే రాసుకోండి. ఇక్కడ చాలామంది 11 నెలలకు రాసుకుంటారు. మా రెండో ఇంట్లో కాగితం లేకుండా చేరాం. ఖాళీ చేసేటప్పుడు సున్నం ఖర్చని, నల్లా రిపేరని అడ్వాన్స్‌లో సగానికి పైగా పట్టుకున్నారు. నోటిమాటకు సాక్ష్యం ఏముంటుంది?

కరెంటు మీటరు పోర్షన్‌కు విడిగా ఉండాలి. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడే అర్హులకు బిల్లు సున్నా వస్తుంది. తెల్ల రేషన్ కార్డుంటే కిరాయిదారులకూ అది వర్తిస్తుంది. రెండు పోర్షన్లకు ఒకే మీటరైతే యూనిట్లు దాటిపోయి ఇద్దరికీ నష్టం.

ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. "మీరేమోళ్లు?" అని కులమో మతమో అడిగి, జవాబును బట్టి ఇల్లు ఉందనో లేదనో చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. దీన్ని దాటేసి 'ఫ్యామిలీలకు అనువైన కాలనీ' అని రాస్తే అది అబద్ధమే అవుతుంది. ఫోన్‌లో మర్యాదగా మాట్లాడి, పేరు వినగానే గొంతు మార్చిన ఓనర్లను నేను చూశాను. అట్లాంటి ఇంటి కోసం బతిమాలుకోవద్దు. అడగని ఓనర్లూ ఇదే ఊళ్లో ఉన్నారు. మా గల్లీలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు గోడకు గోడ ఆనుకునే ఉంటున్నారు.

ఇల్లు గానీ ప్లాటు గానీ కొనాలంటే?

సెంటర్ దగ్గర ఖాళీ ప్లాట్లు దొరకడం కష్టం. దొరికేవి ఎక్కువగా పాత ఇళ్లే, 100 నుంచి 200 గజాల లోపు. పాత ఇల్లు కొనేటప్పుడు గోడలకంటే కాగితాలు గట్టిగా ఉండాలి. ఈసీ (ఇంటి మీద అప్పులు, పాత లావాదేవీలు చూపే కాగితం) తీయించండి, లింకు డాక్యుమెంట్లన్నీ (పాత అమ్మకాల దస్తావేజులు) అడగండి. తండ్రి పేరు మీదున్న ఇంటిని ఒక్క కొడుకు అమ్ముతుంటే మిగతా అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల సంతకాలు కావాలి. ఆడపిల్లలు సంతకం పెట్టలేదని పదేళ్ల తర్వాత కోర్టుకెక్కిన ఇళ్లున్నాయి. కాగితంలో రాసిన గజాలకూ, నేల మీద టేపు పెట్టి కొలిస్తే వచ్చే గజాలకూ తేడా ఉంటుంది. కొలిపించండి.

రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి మొత్తం 7.5 శాతం అవుతుంది. ఇంటి ధర మాట్లాడుకునేటప్పుడే దీన్ని పక్కన పెట్టుకోండి. చివర్లో టెన్షన్ పడేది ఇక్కడే. శివార్లలో కొత్త వెంచర్ చూస్తుంటే లేఅవుట్‌కు అప్రూవల్ ఉందో లేదో, ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ ఫీజు) కట్టారో లేదో చూడకుండా బయానా ఇవ్వొద్దు. పాత ఇల్లు పడగొట్టి కట్టుకునే ఆలోచన ఉంటే గల్లీ వెడల్పు చూడండి. రోడ్డు కోసం మీ జాగాలోంచి కొంత వదలాల్సి రావచ్చు.

ఇంటి పన్ను ఏడాదిది మొత్తం ఏప్రిల్‌లోనే కడితే 5 శాతం తగ్గింపు ఇస్తూ వస్తున్నారు. ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది.

వానాకాలం గల్లీల్లో నీళ్లు నిలుస్తాయా?

కొన్నిట్లో నిలుస్తాయి. పాత గల్లీల్లో రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోయారు. రోడ్డు లేచింది, ఇల్లు కిందికి పోయింది. మా మొదటి ఇంట్లో ఒక రాత్రి మోరీ పొంగి నీళ్లు దర్వాజ దాటి లోపలికి వచ్చాయి. బియ్యం బస్తా మంచం మీదికి ఎత్తి, తెల్లారే దాకా చెంబులతో ఎత్తిపోశాం. అందుకని గేటు దగ్గర నిలబడి చూడండి. రోడ్డు నుంచి ఇంట్లోకి దిగుతున్నామా, ఎక్కుతున్నామా? గోడ కింది భాగంలో తడి చారలు గానీ, అక్కడి వరకే కొత్త రంగు గానీ కనిపిస్తే పక్కింటివాళ్లను అడగండి.

ఎండాకాలం?

కష్టమే. అటు లతీఫ్ సాహెబ్ గుట్ట, ఇటు కాపురాల గుట్ట. మధ్యలో మన ఊరు. మే నెలలో 44, 45 డిగ్రీలు మనకు మామూలు. పగలంతా కాగిన బండ రాత్రి పదింటి దాకా వేడి వదలదు. పైపోర్షన్ తీసుకుంటే స్లాబ్ మీద తెల్లటి కూలింగ్ పెయింట్ వేయించమని ఓనర్ని అడగండి. ప్రభుత్వం కూడా 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. పడమటి గోడకు కిటికీలున్న గదిని పడకగదిగా పెట్టుకోవద్దు. పాత కాలనీల్లో వేప, కానుగ చెట్లు మిగిలి ఉండడం పెద్ద అండ. చెట్లున్న గల్లీకీ లేని గల్లీకీ తేడా మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా వాకిట్లో అడుగుపెడితే తెలుస్తుంది. ఎండాకాలంలో బత్తాయి బండ్లు ఇంటిముందుకే వస్తాయి. బత్తాయికి పేరున్న జిల్లాలో ఉండి కూల్‌డ్రింక్ తాగడం ఎందుకు?

పండుగలు ఎట్లా జరుగుతాయి? కొత్తవాళ్లను కలుపుకుంటారా?

బతుకమ్మకు రండి, మీకే తెలుస్తుంది. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల దాకా తొమ్మిది రోజులు మా గల్లీ చివర ఆడతారు. మధ్యాహ్నమే వాకిలి ఊడ్చి సాన్పి చల్లి ముగ్గేస్తారు. తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలు అంగట్లో కొనే రోజులొచ్చాయి గానీ పేర్చడం మాత్రం నలుగురూ కూర్చునే. గునుగు పూల కొసలు కత్తిరించి రంగుల్లో ముంచే పని పిల్లలది. వారం దాకా వాళ్ల వేళ్లకు గులాబీ రంగు పోదు. ఏ ఊరి నుంచి వచ్చినా, ఏ భాష వాళ్లయినా, ఆ వలయంలో చెయ్యి కలిపితే రెండో రోజుకు వరసలు పెట్టి పిలుస్తారు. సద్దుల నాడు నువ్వుల సద్ది, పెరుగు సద్ది, మలీద పంచుకుంటారు. కిందటేడు మా గల్లీకి బీహార్ నుంచి వచ్చిన రైల్వే ఉద్యోగి భార్య, పాట రాకపోయినా చప్పట్ల లెక్క ఒక్కటీ తప్పలేదు.

రంజాన్‌కు సేమ్యా గిన్నెలు, క్రిస్మస్‌కు కేకు ముక్కలు గోడ మీదుగా వస్తాయి. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదన్నది ఇక్కడి పద్ధతి. ఏదో ఒకటి, కనీసం పిడికెడు చక్కెరైనా వేసి ఇస్తారు.

టెంట్లు, డీజేలతో ఇబ్బంది ఉంటుందా?

పెళ్లిళ్ల సీజన్‌లో గల్లీకి అడ్డంగా టెంటు పడుతుంది, ఒక రోజు బండి తీయలేరు. దానికి ఎవరూ ఏమీ అనుకోరు, రేపు మనింట్లో పెళ్లయినా అంతే కదా. డీజే మాత్రం వేరే సంగతి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని చట్టమే ఉంది. ముందు మనిషిగా వెళ్లి చెప్పండి: "అన్నా, పాపకు రేపు పరీక్షుంది, జర తగ్గించండి." నూటికి తొంభై మంది తగ్గిస్తారు. వినకపోతే 100కు ఫోన్ చేయడంలో తప్పు లేదు.

రాత్రిళ్లు ఆడవాళ్లు ఒంటరిగా రాగలరా?

మా గల్లీలో తొమ్మిదింటికి ట్యూషన్ నుంచి ఆడపిల్లలు సైకిళ్ల మీద వస్తారు. సెంటర్ దగ్గరి చోటులో ఉన్న లాభం ఇదే, రోడ్డు మీద మనుషులు ఉంటూనే ఉంటారు. వీధిదీపాలు వెలుగుతున్నాయో లేదో, మధ్యలో చీకటి ప్లాటు గానీ వైన్ షాపు గానీ ఉందో చూసుకోండి. వైన్ షాపు పక్క గల్లీలో ఎంత తక్కువకు దొరికినా ఇల్లు వద్దు.

కుక్కలు?

ఉన్నాయి, దాచేదేం లేదు. చెత్త బండికి ఇవ్వకుండా మూలమీద పారబోసే గల్లీల్లో ఎక్కువ. కరిస్తే పసుపు, సున్నం పెట్టొద్దు. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పావుగంట కడిగి వెంటనే సర్కారు దవాఖానకు పోవాలి. టీకా అక్కడ ఉచితం, డోసులన్నీ పూర్తి చేయాలి.

కారు పెట్టుకోవడానికి జాగా ఉంటుందా?

పాత గల్లీల్లో కష్టం. ఇంటి లోపల జాగా లేకపోతే కారు కొనే ముందు ఆలోచించండి. పక్కింటి గేటు ముందు పెట్టిన కారు వల్ల తెగిన స్నేహాలు చూశాను.

ఇక్కడ ఉండి హైదరాబాద్‌లో ఉద్యోగం చేయొచ్చా?

దూరం దాదాపు 100 కిలోమీటర్లు. నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు హైవే ఎక్కితే చిట్యాల, చౌటుప్పల్ మీదుగా సాఫీ దారి. అయినా సిటీలోకి చేరేసరికి రెండు, రెండున్నర గంటలు. సంక్రాంతి ముందు పంతంగి టోల్‌గేట్ దగ్గర ఎంతసేపు ఆగుతామో చెప్పలేం. 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. రైలు కూడా ఉంది. సికింద్రాబాద్, తిరుపతి మధ్య నడిచే వందే భారత్ సైతం మన స్టేషన్‌లో ఆగుతుంది.

రోజూ పోయి రావడం మాత్రం నేను వద్దంటాను. మా ఆయన ఎనిమిది నెలలు అట్లా తిరిగారు. పిల్లలు లేవకముందు వెళ్లి, పడుకున్నాక వచ్చేవారు. నిమ్మళమైన గల్లీలో ఇల్లుండి దాన్ని ఆదివారం తప్ప చూడకపోతే ఏం లాభం? వారానికి రెండు మూడు రోజులు పోయే ఉద్యోగమైతే హాయిగా చేసుకోవచ్చు.

ఆదివారం పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలి?

మాల్స్ లెక్కన చూస్తే నల్లగొండలో పెద్దగా ఏమీ లేదు. నాకైతే పానగల్ చాలు. ఉదయసముద్రం కట్ట మీద సాయంత్రం గాలి బాగుంటుంది. పచ్చల సోమేశ్వరాలయం, దాని దగ్గర మ్యూజియం చూడొచ్చు. కొంచెం పక్కగా ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడిలో శివలింగం వెనక గోడ మీద పగలంతా స్తంభం నీడ కదలకుండా నిలబడుతుంది. మా పాప చెయ్యి అడ్డంపెట్టి, ఆ నీడ ఏ స్తంభానిదో కనిపెట్టాలని గంటసేపు తిరిగింది. అమావాస్యకు చెరువుగట్టు రామలింగేశ్వరస్వామి దగ్గరికి పోయేవాళ్లూ చాలామందే.

ఈ చోటు ఎవరికి నప్పదు?

తలుపేసుకుంటే పక్కింటివాళ్లకు మన సంగతి తెలియకూడదనుకునేవాళ్లకు నప్పదు. ఇక్కడ మీ ఇంటికి చుట్టాలొస్తే గల్లీకి తెలుస్తుంది, మీ ఇంట్లో ఏం కూరో పక్కింటికి తెలుస్తుంది. "పిల్లకు ఇంకా సంబంధం చూడట్లేదా?" అని అడిగేవాళ్లుంటారు. నాకూ మొదట్లో చికాకు పుట్టేది. మా బాబుకు అర్ధరాత్రి ఫిట్స్ వచ్చిన రోజు, నేను కేక వేసిన రెండు నిమిషాల్లో వాకిట్లో ఆరుగురున్నారు, ఒకాయన లుంగీ మీదే కారు తీశాడు. ఆ తర్వాత ఎవరేం అడిగినా ఓపికగా జవాబు చెప్తున్నాను.

చివరగా, ఇల్లు చూడడానికి ఎప్పుడు రావాలి?

ఒక్కసారి వచ్చి అడ్వాన్స్ ఇచ్చేయొద్దు. పొద్దున ఆరింటికి ఒకసారి రండి, నల్లా వచ్చే రోజైతే ఇంకా మంచిది. రాత్రి తొమ్మిదింటికి ఇంకోసారి. వీలైతే వాన వెలిసిన గంటకు మళ్లీ రండి. ఓనరు లేనప్పుడు పక్కింటి తలుపు తట్టి గ్లాసెడు నీళ్లు అడగండి. ఇచ్చినవి నల్లా నీళ్లో, బోరు నీళ్లో రుచిలో కొంత తెలుస్తుంది. "లోపలికొచ్చి కూసోండి" అంటే మొహమాటపడకుండా కాసేపు కూర్చోండి, గల్లీలో మోరీ సంగతి నుంచి ఓనరు సంగతి దాకా అన్నీ అక్కడే అడగొచ్చు.